ఆపరేషన్ గురించి ఐదేళ్ళ పిల్లాడికి ముందే చెప్పాలా? చెప్పాలి, ఎలాగంటే...

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బాబుకి ఐదేళ్ళు, గజ్జల్లో హెర్నియా, వచ్చే గురువారం ఆపరేషన్. పోయిన నెల రక్తపరీక్షకి నలుగురు కలిసి గట్టిగా పట్టుకోవాల్సొచ్చింది, అప్పట్నుంచి ఆస్పత్రి రోడ్డు మలుపు తిరిగితే చాలు ఏడుపు మొదలు. అత్తయ్యగారేమో "వాడికేం చెప్పకండి, ఐస్‌క్రీమ్ కొనిస్తామని తీసుకెళ్దాం, లోపలికెళ్ళాక వాళ్ళే చూసుకుంటారు" అంటున్నారు. చెప్పాలా వద్దా, చెప్తే ఎప్పుడు, ఏమని చెప్పాలి? దాంతోపాటు మత్తు వల్ల తర్వాత చదువులో వెనకబడతాడా అని కూడా అడిగారు.

నేను చిన్నపిల్లల ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టర్ని. రోజూ ఓటీ (ఆపరేషన్ థియేటర్) గుమ్మం దగ్గర అమ్మ చేతుల్లోంచి పిల్లల్ని తీసుకునేది మేమే కాబట్టి ఏ బిడ్డని చెప్పి తెచ్చారు, ఏ బిడ్డని మభ్యపెట్టి తెచ్చారు అనేది మాకు చూడగానే తెలిసిపోతుంది. అందుకే సూటిగా చెప్తా.

చెప్పండి. అబద్ధం చెప్పి మాత్రం తీసుకురావద్దు. ఐదేళ్ళ వాడికి వారం ముందు చెప్తే వారమంతా బెంగ పెట్టుకుంటాడు, ఆ పొద్దున చెప్తే అర్థం చేసుకునే టైమ్ ఉండదు. మీ లెక్కకి సోమవారం సాయంత్రం సరిగ్గా సరిపోతుంది. ఇంకో మాట, వాడు ఎంత చెప్పినా భయపడే రకం అయితే భయం తగ్గించే మందులున్నాయి, అవి అడిగి ఇప్పించుకోండి, అందులో తప్పేం లేదు. ఈ రెండూ చేస్తే చాలావరకు దారిలో పడుతుంది. మిగతాదంతా వివరం.

అసలు పిల్లలు దేనికి భయపడతారో ముందు చూడాలి. మనలాగా ఆపరేషన్ ఫెయిలైతే ఏంటి, డబ్బులెంతవుతాయి అని కాదు. అమ్మ కనిపించదు, చుట్టూ ముక్కూ మూతీ కప్పుకున్న కొత్తవాళ్ళు, చల్లటి గది, నెత్తిమీద పెద్ద లైటు, బట్టలు విప్పేశారు, ఏం చేయబోతున్నారో ఎవరూ చెప్పట్లేదు, వద్దంటే వినట్లేదు. ఆరేడు నెలల లోపు పసివాళ్ళు ఎవరెత్తుకున్నా పెద్దగా పట్టించుకోరు, ఆ తర్వాత నుంచి ఐదేళ్ళ దాకా అమ్మని వదిలి వెళ్ళడమే అన్నిటికన్నా పెద్ద భయం. నాలుగైదేళ్ళకి ఇంకోటి కలుస్తుంది, ఊహ. నేను చెల్లిని కొట్టాను కాబట్టి నాకిలా చేస్తున్నారు, ఇది శిక్ష, అని లోపల్లోపల అనుకునే పిల్లలు చాలామంది ఉంటారు, పైకి చెప్పరు. అందుకే వాడికి చెప్పేటప్పుడు "నువ్వేం తప్పు చేయలేదు కన్నా, ఇది ఎవరివల్లా వచ్చింది కాదు" అని ఒక్కసారైనా నోటితో అనండి.

ఐస్‌క్రీమ్ ఉపాయం ఎందుకు వద్దంటున్నానంటే, అది ఆ ఒక్క పొద్దుటికే పనిచేస్తుంది. ఓ నాలుగేళ్ళ పాపని మెల్లకన్ను ఆపరేషన్‌కి తెచ్చారు, షాపింగ్ మాల్‌కని చెప్పి కొత్త గౌను వేసి మరీ తెచ్చారు. గేటు దాకా నవ్వుతూనే ఉంది, గౌను మార్చేటప్పుడు అర్థమైంది. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది, ఇంటికెళ్ళిపోయారు. కొన్ని నెలలకి రెండోసారి చేయాల్సొచ్చింది, మెల్లకన్నుకి ఒక్కోసారి అలా అవసరం పడుతుంది. ఈసారి వాళ్ళమ్మ నిజమే చెప్పింది, కానీ పాప నమ్మలేదు. అంతేకాదు, ఈ మధ్యలో పెళ్ళికని బయల్దేరినా గుడికని బయల్దేరినా కారెక్కకుండా ఏడ్చేదట, కొత్త బట్టలు వేస్తే భయపడేదట. మత్తు ఇవ్వడం మాకు పది నిమిషాల పని, కానీ ఆ నమ్మకం తిరిగి తెచ్చుకోవడానికి ఆ తల్లికి చాలా కాలం పట్టింది.

ఇది మా అనుభవం మాత్రమే కాదు. ఆపరేషన్ల తర్వాత పిల్లల మనసు దెబ్బతినడం గురించి డేవిడ్ లెవీ అనే అమెరికన్ డాక్టర్ 1945 లోనే రాశారు, యుద్ధం నుంచి వచ్చిన సైనికుల్లో కనిపించే లక్షణాలతో పోల్చారు. తర్వాత జీవ్ కెయిన్ అనే మత్తు డాక్టర్ ఏళ్ళ తరబడి దీని మీదే పనిచేశారు. టాన్సిల్స్ ఆపరేషన్‌కి వచ్చిన 5 నుంచి 12 ఏళ్ళ పిల్లల మీద 2006 లో ఆయన బృందం వేసిన పేపర్లో తేలిందేంటంటే, లోపలికెళ్ళేముందు ఎక్కువ భయపడ్డ పిల్లలకి తర్వాత నొప్పి ఎక్కువుంది, లేచేటప్పుడు గందరగోళం ఎక్కువుంది, ఇంటికెళ్ళాక నిద్ర కూడా సరిగా పట్టలేదు. అంటే భయం తగ్గించడం అనేది మంచితనం కోసం చేసే పని కాదు, వైద్యంలో భాగమే. "పిల్లలన్నాక ఏడుస్తార్లే" అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

ఏమని చెప్పాలి. చిన్న వాక్యాలు, నిజమైనవి. నేను తల్లులకి చెప్పేది సుమారుగా ఇలా ఉంటుంది, మీ ఇంటి మాటల్లోకి మార్చుకోండి:

"నువ్వు ఏడ్చినప్పుడు, దగ్గినప్పుడు ఇక్కడ ఉబ్బుతుంది చూడు, దాన్ని గురువారం డాక్టర్ గారు బాగు చేస్తారు. మనం పొద్దున్నే ఆస్పత్రికెళ్తాం. నీకు మత్తు మందు ఇస్తారు, నిద్రపోతావు. అది రాత్రి పడుకునే నిద్రలాంటిది కాదు, పిలిచినా లేవవు, ఏమీ తెలీదు, నొప్పి తెలీదు. పనైపోయాక మందు ఆపేస్తారు, అప్పుడు లేస్తావు. లేచేసరికి నేను పక్కనుంటా. ఇక్కడ ప్లాస్టర్ ఉంటుంది, కొంచెం నొప్పిగా ఉండొచ్చు, చెప్తే నొప్పి తగ్గే మందిస్తారు. సాయంత్రానికో మర్నాటికో ఇంటికొచ్చేస్తాం."

అంతే. తర్వాత వాడు అడిగేదాకా ఆగండి. ఒక్కొక్కడు "సరే" అని బొమ్మలు తీసుకుని ఆడుకోవడానికి వెళ్ళిపోతాడు, గంట తర్వాత అన్నం తింటూ అడుగుతాడు. అడిగిందానికి మాత్రమే జవాబు చెప్పండి. కత్తి, కోయడం, రక్తం, ఇవి మీరుగా ఎత్తొద్దు, కానీ వాడు "కోస్తారా?" అని అడిగితే లేదని బొంకొద్దు, "చిన్నగా తెరిచి బాగుచేసి మళ్ళీ మూసేస్తారు, నీకు తెలీదు" అనండి. మధ్యలో మెలకువొస్తే అనే భయం పెద్ద పిల్లల్లో మరీ ఎక్కువ. "ఆ మందిచ్చే డాక్టర్ గారు నువ్వు లేచేదాకా నీ పక్కనే నిలబడి నిన్నే చూస్తుంటారు, వాళ్ళ పనే అది" అని చెప్పండి. ఇది వాడిని ఊరుకోబెట్టడానికి చెప్పే మాట కాదు, నిజంగా మేం చేసేదే.

రెండు మాటలివ్వొద్దు. "సూది అస్సలు వేయరు" అనొద్దు, "అసలు నొప్పే ఉండదు" అనొద్దు. ఆ రెండూ మీ చేతిలో లేవు. నేను పక్కనుంటా అన్న మాట కూడా ఆస్పత్రిలో కనుక్కున్నాకే ఇవ్వండి. రికవరీలోకి, అంటే ఆపరేషన్ అయ్యాక మత్తు దిగేదాకా ఉంచే గదిలోకి, ఎప్పుడు రానిస్తారో తెలుసుకుని దానికి తగ్గట్టు చెప్పండి.

హెర్నియా కాబట్టి ఇంకో విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఇది ఎవరూ రాయరు. ఈ ఆపరేషన్ జరిగే చోటు చూసి మనిళ్ళలో మావయ్యలు బాబాయిలు సరదాకి "కోసేస్తార్రోయ్" అంటుంటారు. పెద్దవాళ్ళకది జోకు. నాలుగైదేళ్ళ మగపిల్లాడికి మాత్రం అది నిజం, ఆ వయసులో ఒంట్లో ఏదో తీసేస్తారేమో అన్న భయం మామూలుగానే చాలా ఎక్కువ. ఓటీ టేబుల్ మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, ఒక్క ముక్క మాట్లాడని పిల్లల్ని చూశాను, అడగ్గా అడగ్గా ఈ మాటే బయటికొస్తుంది. ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి, ఆ జోకు ఎవరూ వేయకూడదని. బాబుకి విడిగా చెప్పండి, "నీ ఒంట్లోంచి నీదేదీ తీసెయ్యరు, ఒంటికి పోసుకునేది మామూలుగానే ఉంటుంది" అని. అలాగే "అన్నం తినకపోతే సూది వేయిస్తా", "అల్లరి చేస్తే డాక్టర్ దగ్గర వదిలేసొస్తా" లాంటివి మన ఇళ్ళలో రోజూ అనేసే మాటలే, ఈ వారం పూర్తిగా మానేయండి. వీలైతే ఎప్పటికీ.

ఇక ఆట. మీకున్న మూడు రోజుల్లో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. ఇంట్లో నెబ్యులైజర్ మాస్క్ ఉంటే అది తీసి కడిగి వాడికివ్వండి, లేకపోతే మెడికల్ షాపులో పిల్లల సైజు మాస్క్ ఒకటి కొనండి, ఖరీదేం ఉండదు. ముందు బొమ్మకి పెట్టమనండి, తర్వాత నాన్నకి పెట్టమనండి, ఆ తర్వాత తను పెట్టుకుని బుడగ ఊదినట్టు ఊదమనండి. మాస్క్ మీద వాడికిష్టమైన స్టిక్కర్ అతికించుకోనివ్వండి, అదే మాస్క్ ఆస్పత్రికి తెచ్చుకుంటే మా మాస్క్ పక్కన పెట్టి చూపిస్తాం. ఎందుకంటే ఈ వయసు పిల్లలకి చాలాచోట్ల మత్తు మాస్క్‌తోనే మొదలుపెడతాం, సీవోఫ్లురేన్ అనే మందు, కొంచెం తియ్యటి వాసన, గొంతులో మంట పుట్టదు. నిద్రపోయాకే చేతికి సెలైన్ సూది పెడతాం. కొన్నిచోట్ల ముందే సూది పెడతారు, అది బాబు పరిస్థితిని బట్టి, ఆ డాక్టర్ పద్ధతిని బట్టి ఉంటుంది, పీఏసీ చెకప్‌కి, అంటే మత్తు ఇచ్చే ముందు చేసే పరీక్షకి వెళ్ళినప్పుడు అడగండి. ముందే సూది అంటే మాత్రం చెయ్యి మొద్దుబారే క్రీమ్ రాయమని అడగండి. లిగ్నొకైన్, ప్రిలొకైన్ కలిసిన క్రీమ్ అది, చేతి వెనక రాసి పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టర్ వేస్తారు. కనీసం గంటసేపు ఉండాలి, పది నిమిషాల ముందు రాస్తే ఏం లాభం లేదు. రక్తపరీక్షకి నలుగురు పట్టుకున్న పిల్లాడికి ఇది చాలా పెద్ద తేడా చూపిస్తుంది.

వాడి చేతిలో కాస్త నిర్ణయం పెట్టండి. ఆపరేషన్ చేయించుకుంటావా లేదా అని అడగకూడదు, అది వాడి చేతిలో లేదు కదా, అడిగి కాదంటే ఏం చేస్తాం? కానీ ఏ బొమ్మ తెచ్చుకుంటావు, నడిచి వెళ్తావా ఎత్తుకోనా, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఎర్ర లైటు క్లిప్ ఏ వేలికి పెట్టాలి, ఏ కార్టూన్ చూస్తావు, ఇవన్నీ వాడే చెప్పాలి. ఓ ఆరేళ్ళ వాడు లోపలికొచ్చి బొటనవేలు చూపించి "దీనికే పెట్టాలి" అని ఆర్డరేశాడు. పెట్టాం. అంతే, ఆ తర్వాత మాస్క్ తనే పట్టుకుని ఊదుకుంటూ పడుకున్నాడు. ఫోన్ విషయంలో మొహమాటపడకండి, ఆ పది నిమిషాలు ఫోన్ చూస్తే చెడిపోడు. కార్టూన్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఓటీ లోపల సిగ్నల్ సరిగా ఉండదు.

ఇప్పుడొక మాట, ఇది విని చాలామంది తల్లులు ఆశ్చర్యపోతారు. గుమ్మం దగ్గర "ఏం కాదు నాన్నా, ఏం కాదు, భయపడకు, ఏం కాదు" అని పదేపదే అంటుంటే పిల్లల భయం తగ్గదు, పెరుగుతుంది. అమ్మ ఇన్నిసార్లంటుందంటే ఏదో అవుతుందన్నమాట, అని వాడి లెక్క. మీ గొంతులో వణుకు కూడా వాడికి వినిపిస్తుంది. దాని బదులు వేరే మాటలు మాట్లాడండి, బొమ్మ గురించి, కార్టూన్లో కోతి ఏం చేస్తుందో, ఇంటికెళ్ళాక ఏం వండాలో. లేదా పని చెప్పండి, "గట్టిగా ఊదు, ఇంకా గట్టిగా". కెయిన్ బృందం 2007 లో తల్లిదండ్రులకి ఇలాంటి ట్రైనింగ్ అంతా ముందే ఇచ్చి చూసింది, ఇంట్లో మాస్క్ ప్రాక్టీసు, వీడియో, దృష్టి మళ్ళించడం, అతిగా ధైర్యం చెప్పకపోవడం, ఇవన్నీ కలిపి. ఆ పిల్లలకి భయం తక్కువుంది, ఆపరేషన్ తర్వాత నొప్పి మందు తక్కువ పట్టింది, త్వరగా డిశ్చార్జ్ అయ్యారు కూడా.

లోపలికి ఎవరు రావాలి? కొన్ని ఆస్పత్రుల్లో మత్తు ఇచ్చేదాకా ఒకరిని రానిస్తారు, చాలాచోట్ల గుమ్మం దాకే. అడిగితే పోయేదేం లేదు, చెకప్‌లోనే అడగండి. కానీ రానిచ్చినా సరే, ధైర్యంగా ఉండగలిగిన మనిషే రావాలి. అమ్మే అవ్వాలని లేదు. ఊరికే తల్లో తండ్రో పక్కన నిలబడితే భయం తగ్గిపోతుందని పరిశోధనల్లో తేలలేదు, ప్రశాంతంగా ఉండే తల్లి భయపడే బిడ్డ పక్కనుంటే మాత్రం లాభం ఉంది. మీరు కళ్ళనీళ్ళు ఆపుకోలేని మనిషైతే నాన్న రానివ్వండి, తాతయ్య రానివ్వండి. ఓసారి ఓ తాతగారొచ్చారు, పంచె మీదే ఓటీ గౌను వేసుకుని మనవడి తల మీద చెయ్యి పెట్టి పొలంలో కొత్తగా పుట్టిన దూడ సంగతులు చెప్తూ కూర్చున్నారు. ఆ పిల్లాడు దూడ పేరు అడుగుతూ అడుగుతూ నిద్రలోకెళ్ళిపోయాడు.

లోపలికొచ్చేవాళ్ళు ఇది తెలుసుకుని రావాలి: మత్తు ఎక్కేటప్పుడు కళ్ళు పైకి తిరుగుతాయి, కాళ్ళూ చేతులూ కాస్త కొట్టుకుంటాయి, గురక వస్తుంది, తర్వాత ఒళ్ళంతా వదులైపోతుంది. చూడ్డానికి కంగారుగా ఉంటుంది, కానీ అది మామూలే, బిడ్డకి ఏమీ తెలీదు. మేం వెళ్ళమనగానే వెళ్ళిపోవాలి, ఆ నిమిషం నుంచి మా చూపు బిడ్డ మీదే ఉండాలి.

మందు సంగతి. మీ బాబు లాంటి వాడికి, అంటే ఒకసారి బాగా బెదిరిపోయిన వాడికి, నేనైతే మాటలూ ఆటలూ మాత్రమే నమ్ముకోను. మిడాజొలామ్ అనే మందు నోటి ద్వారా ఇస్తాం, కిలోకి అర మిల్లీగ్రాము లెక్కన, అంటే 18 కిలోల పిల్లాడికి 9 మిల్లీగ్రాములు. చేదుగా ఉంటుంది కాబట్టి తియ్యటి సిరప్‌లో కలుపుతాం. 20, 30 నిమిషాల్లో పిల్లాడు కాస్త తూలుతూ, నవ్వుతూ, అమ్మని వదిలి రావడానికి పెద్దగా పేచీ పెట్టకుండా వస్తాడు, చాలామందికి ఆ తర్వాత జరిగింది గుర్తే ఉండదు. ఇంకోటి డెక్స్‌మెడిటొమిడిన్, ముక్కులో చుక్కలుగా వేస్తాం, మండదు, కాకపోతే పనిచేయడానికి 30 నుంచి 45 నిమిషాలు పడుతుంది. ఇవి ఆస్పత్రిలో, మనిషి పక్కన కనిపెట్టుకుని ఉండగానే ఇవ్వాలి. టాన్సిల్స్ పెద్దవై రాత్రిపూట గురకపెట్టి ఊపిరి ఆగి ఆగి తీసుకునే పిల్లలకి మేం చాలా జాగ్రత్తగా ఆలోచిస్తాం, ఒక్కోసారి ఇవ్వం. చెప్పొచ్చేదేంటంటే ఇంట్లో మీరే నిద్ర సిరప్పో జలుబు సిరప్పో తాగించి తీసుకురావద్దు. "జోగుతూ వస్తే ఏడవడని వేశామండీ" అని ముందు చెప్పే వాళ్ళు నయం, చెప్పని వాళ్ళతోనే మాకు ప్రమాదం.

కడుపు ఖాళీ గురించి కూడా భయంలో భాగంగానే చెప్తున్నా, ఎందుకంటే ఆకలితో దాహంతో ఉన్న పిల్లాడికి ఎన్ని కార్టూన్లు చూపించినా లాభం లేదు. సాధారణ లెక్క: అన్నం, ఇడ్లీ, ఆవుపాలు, గేదెపాలు లాంటివి 6 గంటల ముందు ఆపాలి, నూనె నెయ్యి బాగా ఉన్నవైతే 8 గంటలు, తల్లిపాలు 4 గంటలు, మంచినీళ్ళు, గ్లూకోజ్ నీళ్ళు లాంటి తేట ద్రవాలు 2 గంటల ముందు దాకా తాగొచ్చు. మజ్జిగ, రాగిజావ, గంజి తేట ద్రవాలు కావు. రాత్రి పదింటి నుంచి గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వకుండా పొద్దున పదకొండింటి దాకా ఉంచేవాళ్ళున్నారు, అంత అవసరం లేదు, మీ డాక్టర్ని టైమ్ చెప్పమని అడిగి కాగితం మీద రాయించుకోండి, వాళ్ళు చెప్పిందే ఫైనల్. చిన్నపిల్లల్ని లిస్టులో మొదట పెట్టమని కూడా అడగొచ్చు.

దీనికి రెండో వైపు, జాలిపడి దొంగచాటుగా తినిపించడం. ఓ నాయనమ్మ గారు మనవడి ఏడుపు చూడలేక వెయిటింగ్ హాల్లో రెండు బిస్కెట్లు పెట్టేశారు, పిల్లాడి మూతికి పొడి అంటుకుని ఉండటంతో సిస్టర్ గమనించింది. ఆపరేషన్ ఆపేశాం. మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదకొస్తుంది, అంత సీరియస్. ఆవిడకి ఇది ముందే ఎవరైనా చెప్పుంటే చచ్చినా పెట్టేవారు కాదు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళకి "పెట్టకండి" అని మాత్రమే కాదు, ఎందుకో కూడా చెప్పండి. పిల్లాడి ముందు ఆ పొద్దున ఎవరూ టిఫిన్ తినొద్దు, ఇది మర్చిపోతుంటారు.

తాయెత్తు, మొలతాడు, దిష్టి దారం విషయం. లోహం ఉన్నవి తీయాలి, రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం వల్ల కాలే ప్రమాదం ఉంది. పైగా మొలతాడు సరిగ్గా ఆపరేషన్ చోటుకి దగ్గర. కానీ అక్కడికొచ్చాక సిస్టర్ కత్తెర పట్టుకుని తెంపితే మీకూ మనసుకి కష్టం, బాబుకీ భయం. బుధవారం రాత్రి ఇంట్లోనే విప్పి దేవుడి దగ్గర పెట్టుకోండి, మళ్ళీ వచ్చాక కట్టొచ్చు. గోళ్ళ రంగు, కాటుక కూడా వద్దు.

ఇక లేచేటప్పుడు. దీని గురించి ముందే తెలీక భయపడిపోయే తల్లిదండ్రులు ఎక్కువ. రెండు నుంచి ఐదేళ్ళ పిల్లల్లో కొంతమంది మత్తులోంచి బయటికొచ్చేటప్పుడు విపరీతంగా ఏడుస్తారు, కొట్టుకుంటారు, సెలైన్ పీకబోతారు, కళ్ళు తెరిచే ఉంటాయి కానీ అమ్మని కూడా గుర్తుపట్టరు, ఎత్తుకుంటే తోసేస్తారు. నొప్పి వల్లేనేమో అని మేమూ చూస్తాం, మందిస్తాం, కానీ నొప్పి లేకపోయినా ఇది రావచ్చు. ఎక్కువ శాతం అరగంటలోపే సర్దుకుంటుంది, మళ్ళీ కాసేపు పడుకుని లేచాక మామూలుగా "అమ్మా నీళ్ళు" అంటాడు. ఆ అరగంటలో మీరు చేయాల్సింది పడిపోకుండా పట్టుకోవడం, తక్కువ గొంతుతో మాట్లాడటం, లైట్లు తగ్గించమని అడగడం. పదిమంది చుట్టాలు మంచం చుట్టూ మూగి పేరు పెట్టి పిలవడం దీన్ని పెంచుతుంది.

హెర్నియాకి నిద్రపోయాక నడుము కింద కాడల్ అనే ఇంజక్షన్ ఇస్తుంటాం, తర్వాత కొన్ని గంటలు నొప్పి లేకుండా ఉండటానికి. దాంతో లేచాక కాసేపు కాళ్ళు బరువుగా, తిమ్మిరిగా అనిపించొచ్చు. చెప్పకపోతే పిల్లాడు "నా కాళ్ళు పోయాయి" అని హడలిపోతాడు. మీ డాక్టర్ అది ఇస్తానంటే "కాళ్ళు కాసేపు నిద్రపోతాయి, నీకంటే లేటుగా లేస్తాయి" అని ముందే చెప్పి ఉంచండి, పిల్లలకి ఇది భలే నచ్చుతుంది. ఆ టైమ్‌లో ఒంటరిగా నడవనివ్వొద్దు.

ఇంటికొచ్చాక ఓ రెండు వారాలు రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేవడం, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, కొంగు వదలకపోవడం, ఊరికే కోపం, ఇవి కనిపించొచ్చు. తిట్టొద్దు. బొమ్మకి ఆపరేషన్ చేసే ఆట ఆడుతుంటే ఆడనివ్వండి, లోపలున్నదంతా అలా బయటికి పోతుంది. నెల దాటినా తగ్గకపోతే పిల్లల డాక్టర్కి చూపించండి.

మత్తు వల్ల బుర్ర మందగిస్తుందా అన్న ప్రశ్నకి మీ విషయంలో చాలా స్పష్టమైన జవాబుంది, ఎందుకంటే దీనిమీద జరిగిన పెద్ద ట్రయల్ హెర్నియా పసిపిల్లల మీదే జరిగింది. గ్యాస్ ట్రయల్ అంటారు, ఏడు దేశాల్లో ఏడొందలమందికి పైగా పసికందుల్లో కొందరికి పూర్తి మత్తు, కొందరికి నడుము దగ్గరిచ్చే మత్తు మాత్రమే ఇచ్చి ఏళ్ళ తరబడి గమనించారు. 2019 లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితం: ఐదేళ్ళు వచ్చాక తెలివితేటల పరీక్షలో తేడా లేదు. అది గంటలోపు, ఒక్కసారి ఇచ్చిన మత్తు గురించి. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2016 లో ఇచ్చిన హెచ్చరిక మూడేళ్ళలోపు పిల్లలకి మూడు గంటలు దాటిన, లేదా పదేపదే ఇచ్చే మత్తు గురించి. మీ బాబుకి ఐదేళ్ళు, ఒక్కసారి, చిన్న ఆపరేషన్. ఈ భయం మీ మనసులోంచి తీసేయండి, ఎందుకంటే మీలో ఉన్న భయం పిల్లాడికి తెలిసిపోతుంది.

ఇది చదివే వేరే తల్లిదండ్రులకి రెండు ముక్కలు. ఆరేళ్ళు దాటిన పిల్లలకి ఐదారు రోజుల ముందే చెప్పండి, వాళ్ళకి ఆలోచించుకునే టైమ్ కావాలి, ముందురోజు చెప్తే ఇంకా బెదురుతారు. మూడేళ్ళలోపు వాళ్ళకి ముందురోజు ఒక్క మాట చాలు. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలతో డాక్టర్ నేరుగా మాట్లాడనివ్వండి, మధ్యలో మీరు జవాబులు చెప్పొద్దు, బట్టలు మార్చేటప్పుడు వాళ్ళ సిగ్గుని గౌరవించమని సిస్టర్లకి చెప్పండి. ఆటిజం ఉన్న పిల్లలైతే శబ్దాలు, తాకడం, ఎదురుచూడటం వీటిలో ఏది పడదో చెకప్‌లోనే చెప్పండి, మేం లిస్టులో మొదట పెట్టి వెయిటింగ్ తగ్గిస్తాం.

చివరగా అత్తయ్యగారు. ఆవిడ అంటున్నది ప్రేమతోనే, వాడు ముందునుంచే ఏడవకూడదని. వాదించొద్దు, ఆవిడకొక పని అప్పజెప్పండి. సోమవారం మీరు చెప్పాక రాత్రి వాడు నాయనమ్మ పక్కలో చేరి "నిజమేనా?" అని అడుగుతాడు, నూటికి తొంభై ఇళ్ళలో జరిగేది అదే, అమ్మ చెప్పింది నిజమో కాదో నాయనమ్మ దగ్గరే సరిచూసుకుంటారు. అప్పుడావిడ కూడా మీరు చెప్పిన మాటలే చెప్పాలి, ఒక్క ముక్క తేడా రాకూడదు. అది ముందే ఆవిడతో కూర్చుని అనుకోండి. ఐస్‌క్రీమ్ కూడా వద్దనక్కర్లేదు, ఆపరేషన్ అయ్యాక డాక్టర్ తినొచ్చన్నాక కొనిపెట్టమనండి, ముందే ఆ మాట చెప్పే కొనిపెట్టమనండి. ఈలోపు బాబుకి జలుబు, దగ్గు, జ్వరం ఏదొచ్చినా దాచకుండా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి, కొన్ని వారాలు వాయిదా వేయాల్సి రావచ్చు. అలా వాయిదా పడితే బాబుకి కూడా చెప్పండి, గురువారం అన్నారుగా అని వాడు ఎదురుచూస్తుంటాడు.